అరవై మూడు నాగోబలు

మా అవ్వ ఎప్పుడు పుట్టిందో ఏ కాగితంలోనూ సరిగ్గా లేదు. రేషన్ కార్డులో ఒక వయసు, ఓటరు కార్డులో ఇంకొక వయసు. పింఛను కాగితాల్లో ఎవరో జనవరి 1 అని రాసి పెట్టారు. మా గూడెంలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు. రాసేవాళ్లకు అదే సులువు మరి. 2009లో ఆ దరఖాస్తు నింపడానికి నేను ఆమె పక్కన కూర్చుని "అవ్వా, నీకెన్నేండ్లు?" అని అడిగాను. ఆమె వేళ్లు మడుస్తూ చాలాసేపు లెక్కపెట్టింది. "భేటింగ్ అయిన కాడి నుంచి యాభై ఎనిమిది నాగోబలు" అన్నది. దరఖాస్తులో అలాంటి గడి లేదు. అక్కడున్న గుమాస్తా నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికి నేను టీచరు ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. బడిలో పిల్లలకు చరిత్ర పాఠం చెప్తున్నాను. అవ్వ చెప్పింది కూడా ఒక తేదీయేనని నాకు తట్టలేదు.

ఇంటికొచ్చాక లెక్క కట్టాను. యాభై ఎనిమిది నాగోబలు వెనక్కి పోతే 1952 వస్తుంది. "ఆ ఏడు ఇంకేం జరిగింది?" అని అడిగితే, "ఓట్లు మొట్టమొదట పడ్డయి. మీ తాత పెట్టెలో కాగితం ఏసి వచ్చిండు" అన్నది. దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు అప్పుడే కదా. ఆమె లెక్క ఒక్క ఏడు కూడా తప్పలేదు.

మేం రాజ్‌గోండులం. మాది మెస్రం వంశం, ఏడు దేవతల సగ. ఉట్నూరు నుంచి నార్నూరు పోయే దారికి లోపలగా ఉంటుంది మా గూడెం. మా ఇంట్లో గోండీయే మాట్లాడతాం. గోండీలో నేనామెను పిలిచిన పిలుపును ఇక్కడ రాయడం లేదు, తెలుగులో అవ్వ అనే రాస్తున్నాను. ఆమె మాటలు కూడా నేను తెలుగులోకి తెచ్చినవే. కొన్ని చోట్ల ఆమె చెప్పినంత సూటిగా నాకు రాలేదు.

భేటింగ్ అంటే తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య అర్ధరాత్రి నాగోబకు మహాపూజ జరుగుతుంది. దానికి చాలా రోజుల ముందే మా వంశపు పెద్దలు ఛకడ బండి కట్టుకుని సిరికొండకు వెళ్లి, గుగ్గిళ్ల వంశపు కుమ్మరులకు కొత్త కుండలు చేయమని చెప్పి వస్తారు. ఆ తర్వాత చెప్పులు లేకుండా గూడేలు దాటుకుంటూ జన్నారం మండలంలోని హస్తిన మడుగు దాకా నడిచి, ఝారిలో గోదావరి నీళ్లు తెస్తారు. తిరుగుదారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కిందికి చేరుకుంటారు. ఆ నీళ్లతోనే నాగోబకు అభిషేకం. మహాపూజ అయ్యాక, వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడి ముందుకు తీసుకొస్తారు. తెల్లచీర, మొహం కనపడకుండా ముసుగు. పెద్దవాళ్లు వాళ్లను నాగోబకు పరిచయం చేస్తారు, కోడళ్లు పెద్దల కాళ్లు మొక్కి దీవెనలు తీసుకుంటారు. అదే భేటింగ్. అది అయ్యేదాకా, పెండ్లయి పిల్లలున్నా సరే, ఆ కోడలు వంశపు దేవుడి పనిలో చెయ్యి పెట్టరాదు.

మా అవ్వ తనకు గుర్తున్నంత వరకు జీవితాన్ని రెండు ముక్కలు చేసి చెప్పేది. భేటింగ్ ముందు, భేటింగ్ తర్వాత. ముందు ముక్కలో మూడే జ్ఞాపకాలు. మొదటిది, వాళ్లమ్మ ఆమెను చంకనెత్తుకుని, నెత్తిన జొన్నల గంప పెట్టుకుని పుట్టినూరు విడిచి నడవడం. వెనక పొగ. నిజాం ప్రభుత్వం అడవిని రిజర్వు చేసి హద్దులు గీసినప్పుడు ఎన్నో గూడేలు అలా లేచిపోయాయి. జోడేఘాట్‌లో కొమురం భీమ్ తుపాకి పట్టింది ఆ బాధ మీదనే. 1940లో ఆయన్ను కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. అవ్వ రెండో జ్ఞాపకంలో ఒక తెల్లదొర, దొరసాని పెండ్లి పందిట్లో నేల మీద కూర్చుని ఉంటారు, ఆమె గాదె వెనక నుంచి తొంగి చూస్తూ ఉంటుంది. వాళ్లు వీళ్లే అయి ఉంటారని నా ఊహ. ఆమె మాత్రం "తెల్లగున్నరు, కింద కూసున్నరు" అనేది, అంతే. దొర కింద కూర్చోవడమే ఆమెకు గుర్తుండిపోయిన సంగతి. మూడోది రజాకార్ల కాలం. ఆడపిల్లలను రాత్రిళ్లు వాగు ఒడ్డున రాళ్ల మాటున పడుకోబెట్టేవాళ్లట.

ఈ మూడింటినీ 1952తో కలిపి చూస్తే ఆమె 1936, 37 ప్రాంతంలో పుట్టి ఉండాలి. కాగితాల్లో ఉన్న ఏ సంవత్సరమూ ఇది కాదు.

మార్లవాయిలో 1943లో మావాళ్ల కోసం బడి పెట్టారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చు వేశారు. అవ్వ తమ్ముడు అలా చదువుకున్నవాళ్లలో ఒకడు. మా నాయన నాలుగు తరగతులు మరాఠీలో చదివాడు. నేను ఆశ్రమ పాఠశాలలో తెలుగులో చదివాను. ఒక్క ఇంట్లో మూడు చదువులు. తర్వాత మా మండలంలోని గుంజాలలోనే గోండీకి సొంత లిపి ఉన్న రాతప్రతులు బయటపడ్డాయి. అవ్వకు ఏ లిపీ రాదు. సంతకం చేయడం నేర్పిస్తానంటే వద్దన్నది. వేలిముద్ర వేసి, ఆ సిరా వేలును చీర కొంగుకు కాక ఎప్పుడూ గోడకే తుడిచేది. మా ఇంటి తలుపు పక్కన గోడ మీద ఆ నీలం మచ్చలు చాలా ఏళ్లు ఉన్నాయి.

ఇక ఆమె పని సంగతి. నాకు తెలిసినంత కాలంలో అవ్వ పొద్దు పొడిచాక లేచిన రోజు లేదు. నేను చిన్నప్పుడు కళ్లు తెరవకముందే ఇసుర్రాయి చప్పుడు వినేదాన్ని. మూడు, నాలుగు సేర్ల జొన్నలు విసిరి, గట్క పొయ్యి మీద పెట్టి, వాగుకు పోయి రెండు బిందెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వచ్చేది. ఆ తర్వాత చేను. ఎండాకాలం వస్తే ఇప్పపువ్వు. చీకటితోనే చెట్టు కిందికి పోయి కూర్చోవాలి, లేదంటే ఎలుగుబంటి ముందే వస్తుంది. ఏరిన పువ్వును పెరట్లో ఆరబోసి, మధ్యాహ్నం తిరగేసి, సాయంత్రం ఎత్తాలి. ఇప్పపువ్వు అయిపోగానే తునికాకు. యాభై ఆకులకు ఒక కట్ట. రాత్రి దీపం ముందు కూర్చుని ఆకులు పేరుస్తూ లెక్కపెట్టేది. యాభైకి ఒక ఆకు ఎక్కువే పెట్టేది కానీ తక్కువ పెట్టేది కాదు. "కల్లం కాడ కట్ట తీసి అవతల పారేస్తే, యాభై ఆకులూ పోతయి. ఒక్క ఆకు పోతే పోయె" అనేది. వానాకాలం కలుపు, చలికాలం పత్తి ఏరడం, జొన్న కోత. వాగులో చేపలు, అడవిలో గడ్డలు, గోడలకు మట్టి అలకడం ఈ మధ్యలోనే ఎక్కడో జరిగిపోయేవి. వాటిని ఆమె పని అనేది కాదు.

ఈ పనుల మధ్యన ఆమె ఎప్పుడూ పక్కకు తీసి పెట్టేది ఒకటుంది. గాదెలో మూలన చిన్న కుండ. కొత్త జొన్నలు ఇంటికి రాగానే అందులో పోసి మూతకు మట్టి మెత్తేది. అది నాగోబకు పోయే గింజ. ఇంట్లో తిండి లేకపోయినా ఆ కుండ తెరవలేదు. మా నాయన చిన్నతనంలో ఒక ఏడు కరువొచ్చి ఇంట్లో అందరూ ఇప్పపువ్వు ఉడకబెట్టుకు తిన్నారట. ఆకలికి మా నాయన రాత్రిపూట వెళ్లి ఆ కుండ మూత గీరాడట. అవ్వ లేచి చూసి కొట్టలేదు, తిట్టలేదు. పక్కన కూర్చుని మళ్లీ మట్టి తడిపి మూతకు మెత్తింది. ఈ సంగతి మా నాయన చెప్తున్నప్పుడు ఆయన గొంతులో ఇంకా కోపం ఉంటుంది. నాకు ఆయన కోపమూ అర్థమవుతుంది. ఆకలిగొన్న పిల్లాడి ముందు కుండ మూయడం భక్తేనా అని నేనూ ఆమెను అడిగాను. "అది మనది కాదు బిడ్డా. మనది కానిది తినుడు అలవాటైతే, మనది తినేటోడిని ఎట్ల అడుగుతవు?" అన్నది.

ఆమె ఎవరి గురించి అంటున్నదో ఇంట్లో అందరికీ తెలుసు.

1940లలో వేల గోండు కుటుంబాలకు భూమి పట్టాలు ఇచ్చినప్పుడు మా తాత తండ్రికీ కొంత పట్టా భూమి వచ్చింది. నల్లరేగడి, వాగు పక్కన. అరవైల్లో ఒక ఏడు తాత విత్తనాలకని ఒక షావుకారు దగ్గర జొన్నల బస్తా తెచ్చాడు. మరుసటి ఏడు రెండు బస్తాలు ఇవ్వాలి, ఇవ్వలేకపోయాడు. ఆ మరుసటి ఏడు బస్తాలు పోయి రూపాయలయ్యాయి. చివరికి ఏదో కాగితం మీద తాత వేలిముద్ర పడింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా ఆపే చట్టం అప్పటికే తెలంగాణకు వచ్చింది. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1963లో ఇక్కడికీ వర్తింపజేశారు. కానీ మా గూడేనికి ఆ మాట చేరలేదు. తర్వాత 1970లో ఒకటి బై డెబ్బై వచ్చింది. అప్పటికి తాత లేడు. 1967లో, వాన మొదలయ్యే ముందు, తన భూమిలోనే కూలికి దున్నుతూ పడిపోయాడు. అవ్వకు ముప్పై ఏళ్లు. ఇద్దరు కొడుకులు. అసలు ముగ్గురు పిల్లలు. ఆఖరి ఆడపిల్ల అంతకు రెండేళ్ల ముందే పోయింది.

ఆ మేనత్త గురించి అవ్వ నాకు ఒకే ఒక్కసారి చెప్పింది. శ్రావణంలో జ్వరం వచ్చింది. దేవారిని పిలిచి చూపించారు, మొక్కులు మొక్కారు, కోడిని కోశారు. మూడో రోజు ఉట్నూరు తీసుకుపోదామని బయల్దేరితే వాగు నిండుగా పారుతోంది. రెండు పూటలు ఒడ్డునే కూర్చున్నారు. వాగు తగ్గింది, పిల్ల దాటలేదు. "మొదటి రోజు వాగు ఇంత లేకుండె" అన్నది అవ్వ. ఇంకేం అనలేదు. దేవుడిని తిట్టలేదు, దేవారినీ తిట్టలేదు. కానీ ఆ తర్వాత ఇంట్లో ఏ పిల్లకు ఒళ్లు వేడెక్కినా దేవారికి కబురు పోయేలోపు ఆమె పిల్లను ఎత్తుకుని దవాఖాన దారి పట్టేది. దారిలోనే మొక్కేది. నాకు మలేరియా వచ్చినప్పుడు నన్ను వీపున కట్టుకుని పోయింది ఆమెనే. అప్పుడు నాకు ఏడేళ్లు, అంత చిన్నదాన్నేం కాదు.

భర్త పోయిన ఏడు ఆమె నాగోబకు పోలేదు, మైల. ఆ మరుసటి ఏడు పోయి, మొక్కింది. ఏం మొక్కిందో అందరికీ వినపడేలా మొక్కిందట: అప్పు జొన్న తన గడప దాటి లోపలికి రాదని. ఆ మాట చివరిదాకా నిలబెట్టుకుంది. దానివల్ల ఇంట్లో అందరూ కష్టపడ్డారు. మా చిన్నాయన చదువు మానేసి జీతం ఉన్నది ఆ మొక్కు వల్లనే. నన్ను హాస్టల్‌లో చేర్చడానికి ట్రంకు పెట్టె కొనాలంటే ఒక ఇప్పపువ్వు కాలం మొత్తం ఆగాల్సి వచ్చింది. కానీ ఆ తర్వాత మా ఇంటి భూమి గజం కూడా ఎవరి చేతికీ పోలేదు. పోవడానికి పట్టా భూమి మిగలలేదనేది వేరే మాట. మిగిలింది అడవి అంచున, పాత గూడెం దగ్గర పోడు. దాని కథకు తర్వాత వస్తాను.

అవ్వను దేవతలా చూపించాలని నాకు లేదు. కోడళ్లతో ఆమె కఠినంగా ఉండేది. మా అమ్మ అలికిన గోడను మళ్లీ అలికేది. కూర రుచి బాగా లేకపోతే తినకుండా లేచిపోయేది కాదు, తిని, ఆ తర్వాత చెప్పేది, అది ఇంకా బాధ. కానీ దీపావళికి దండారీ వచ్చిందంటే వేరే మనిషి. పక్క ఊరి దండారీ, గుస్సాడీలు నెమలీకల టోపీలు పెట్టుకుని గూడెంలోకి అడుగు పెట్టగానే, ఎవరింట్లో ఏం ఉందో ఆమెకు తెలుసు కాబట్టి, ఏ ఇంటి నుంచి పప్పు, ఏ ఇంటి నుంచి బియ్యం అని నిలబడి చెప్పేది. యాభై, అరవై మందికి వండించేది. అందరూ తిన్నాక, తన కోడళ్లకు తనే వడ్డించేది. మా అమ్మ ఆ ఒక్క రోజు కోసం మిగిలిన ఏడాదిని క్షమించేది.

కేస్లాపూర్‌లో మా వంశపు ఆడవాళ్లు వండే చోటును గోవాడ అంటారు. చుట్టూ గోడ, లోపల ఇరవై రెండు పొయ్యిలు. వంశంలో ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా ఆ ఇరవై రెండు పొయ్యిల మీదే వంట. ఒకరి తర్వాత ఒకరు ఆగాలి. అవ్వ అక్కడ ఎప్పుడూ ముందుకు తోసుకోలేదు. కుండ పట్టుకుని నిలబడి, పక్కనున్న ఆడవాళ్లతో ఏ ఇంట్లో పెండ్లి, ఏ ఇంట్లో చావు, ఎవరి చేను ఎవరి పాలయింది అని మాట్లాడేది. మగవాళ్లు దర్బారులో అధికారులకు అర్జీలు ఇస్తున్న సమయానికి, అదే అర్జీలోని సంగతులు గోవాడలో పొయ్యి దగ్గర అంతకు ముందు రాత్రే అయిపోయి ఉండేవి. 1940ల నుంచి దర్బారు గురించి పత్రికల్లో రాస్తూనే ఉన్నారు. గోవాడలో జరిగిన మాటలను ఎవరూ రాయలేదు.

1981 ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లి సంత రోజు. ఇప్పపువ్వు కాలం కాబట్టి అవ్వ గంపెడు పువ్వు నెత్తిన పెట్టుకుని సంతకు బయల్దేరింది. ఆ రోజు గిరిజన రైతు కూలీ సంఘం సభ ఉంది. భూములు అన్యాక్రాంతం కావడం గురించీ, పంటకు ధర గురించీ. అనుమతి రద్దయిందని చాలా గూడేలకు తెలియదు. సభకు వచ్చినవాళ్లూ, సంతకు వచ్చినవాళ్లూ ఒకే దారిలో నడిచారు. పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయింది పదమూడు మంది. మావాళ్ల లెక్క ఎప్పుడూ అంతకంటే చాలా పెద్దది. అవ్వ గంప అక్కడే పోయింది. అడవిలో పడి రాత్రంతా నడిచి తెల్లవారాక ఇంటికి చేరింది. కాళ్లకు ముళ్లు తీస్తూ మా నాయన ఏం చూశావని అడిగితే, చెప్పలేదట. నాకూ చెప్పలేదు. కానీ ఆ తర్వాత నాగోబకు పోయే ప్రతి ఏడూ, ఇంద్రాదేవికి మొక్కాక, స్తూపం ఉన్న వైపు తిరిగి ఒక గుప్పెడు జొన్నలు నేల మీద పోసి దండం పెట్టేది. స్తూపం కట్టకముందు నుంచీ, దాన్ని కూల్చేసినప్పుడూ, మళ్లీ కట్టాకా అదే చోటు, అదే గుప్పెడు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న అక్కడికి ఎవరినీ పోనీయలేదు. పుష్యమాసంలో ఒక ముసలమ్మ గింజలు పోస్తే ఎవరూ అడ్డుకోలేదు.

ఇప్పుడు పాత గూడెం సంగతి.

మా గూడెం ఇప్పుడున్న చోటికి రెండు కోసుల దూరంలో, గుట్ట వెనక, మా తాతల నాటి ఊరు ఉండేది. అడవిని రిజర్వు చేసినప్పుడు దాన్నీ లేపేశారు. అక్కడ మిగిలింది పూడిపోయిన బావి ఒకటి, బొందల గడ్డ, ఊరి కాపలా దేవుడు ఆకిపేన్ రాళ్లు. ఊరు మారినప్పుడు ఇక్కడ కొత్త ఆకిపేన్‌ను నిలబెట్టుకున్నారు. పాత రాళ్ల దగ్గరికి ఎవరూ పోవాల్సిన పని లేదు. కానీ అవ్వ అత్త పోయేది. భేటింగ్ అయిన మొదటి ఏడే కోడలిని వెంట తీసుకుపోయి, ఏ రాయి ఎక్కడుందో, బావి ఏ పక్కన ఉందో, ఎవరి ఇల్లు ఏ చింతచెట్టు కింద ఉండేదో చూపించింది. అత్త పోయాక కూడా అవ్వ మానలేదు. కొత్త పంట వచ్చాక ఒక రోజు దొప్పలో కొత్త జొన్నలు పోసుకుని పోయి ఆ రాళ్లకు పెట్టి వచ్చేది. మా అమ్మను రమ్మంటే, "లేని ఊరికి నేనెందుకు" అని రాలేదు. హాస్టల్ సెలవుల్లో నేను ఇంటికొస్తే నన్ను తీసుకుపోయేది. ఎండలో రెండు కోసులు నడవాలంటే నాకు ఏడుపొచ్చేది. హాస్టల్‌లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. రాళ్లకు జొన్నలు పెట్టే అవ్వ ఉన్నదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను.

తాత పోయాక, పట్టా భూమి పోయాక, మా నాయన, చిన్నాయన, మరి కొన్ని ఇండ్లవాళ్లు పాత గూడెం చుట్టూ పోడు కొట్టుకుని దున్నడం మొదలుపెట్టారు. అటవీశాఖవాళ్లు వచ్చి పంట కోసి పారేసిన ఏళ్లున్నాయి. కేసులు పెట్టిన ఏళ్లున్నాయి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2008 నుంచి దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నామని చూపించాలి. మా గూడెం చేతిలో ఉన్న కాగితాలు రెండు: ఒక పాత జరిమానా రసీదు, ఒక కోర్టు సమను. మిగతా ఇండ్లకు అవి కూడా లేవు.

నిబంధనలు చదివింది నేనే. సాక్ష్యాల వరుసలో కాగితాలే కాదు, పాత బావులు, బొందల గడ్డలు, పూజ చేసే చోట్లు ఉన్నాయి. దరఖాస్తు చేసుకున్నవాళ్లు కాకుండా వేరే పెద్దవాళ్లు చెప్పిన మాటను రాసుకుంటే అది కూడా సాక్ష్యమే. ఆ వాక్యం రెండు మూడుసార్లు చదివాను. సిగ్గు దాచుకుని రెండు కోసులు నడిచిన దారి అప్పుడు గుర్తుకొచ్చింది.

గ్రామసభ పెట్టినప్పుడు పాత గూడెం హద్దులు చెప్పగలిగిన మనుషులు ఇద్దరే మిగిలారు. ఒకరు అవ్వ, ఇంకొకరు ఆమెకంటే పెద్దాయన, చూపు సరిగా లేదు. సర్వేకు వచ్చినవాళ్ల ముందు అవ్వ చేతికర్ర పట్టుకుని నడిచింది. లంటానా పొదల్లోకి వంగి ఇక్కడ బావి అన్నది. గొడ్డలితో నరికి చూస్తే రాళ్ల కట్టు కనిపించింది. ఇక్కడ చింతచెట్టు అన్నది, చెట్టు లేదు, మోడు ఉన్నది. ఆకిపేన్ రాళ్ల దగ్గరికి పోయేసరికి వాటి ముందు ఎండిపోయిన మోదుగాకు దొప్ప ఉన్నది, అంతకు ముందు ఏడు ఆమె పెట్టిందే. సర్వేకు వచ్చిన కుర్రాడు దాని ఫోటో తీసుకున్నాడు. ఆ రోజు ఆమె పదకొండు ఇండ్ల తరఫున మాట చెప్పింది. నేను కాగితం మీద రాస్తూ పోయాను, ప్రతి కాగితం కింద ఆమె వేలిముద్ర. మా ఇంటికి మాత్రం ఆమె మాట చెల్లదన్నారు, సొంత మనిషి కాబట్టి. మా ఇంటి తరఫున ఆ చూపు లేని పెద్దాయన చెప్పాడు. అవ్వ ఆయన చెయ్యి పట్టుకుని రాళ్ల మీద పెట్టింది. ఆయన తడిమి, ఒక్కొక్కటి చెప్పాడు.

హక్కుపత్రాలు వచ్చాయి, అందరికీ కాదు. మా నాయన దున్నేది ఆరెకరాలు, పత్రంలో వచ్చింది మూడెకరాల చిల్లర. ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేదు. అవ్వ ఒకటే అడిగింది: "రాళ్లు ఏ పక్క పడ్డయి?" గీత బయట పడ్డాయి. ఆ చోటును సామూహిక హక్కు కింద ఇవ్వాలని మళ్లీ దరఖాస్తు పెట్టాం. ఇంకా జవాబు రాలేదు. అవ్వ ఆ ఏడూ, ఆ తర్వాతి ఏళ్లూ దొప్ప పట్టుకుని పోతూనే ఉన్నది. గార్డు ఒకసారి ఆపి ఎక్కడికని అడిగితే, "మా ఊరికి" అన్నదట.

2014 వానాకాలంలో ఆమె పోయింది. రెండు రోజులు గట్క వద్దన్నది, మూడో రోజు లేవలేదు. ఆ ఏటి పుష్యంలో కూడా నాగోబకు పోయింది, బండి మీద పడుకుని. మొదటి నుంచి లెక్కపెడితే అది అరవై మూడోది. మధ్యలో తప్పినవి రెండే: తాత పోయిన ఏడొకటి, ఆమెకు టైఫాయిడ్ వచ్చిన ఏడొకటి. ఆ రెంటినీ కూడా ఆమె లెక్కలో కలిపేది. "నేను పోకున్నా ఆయన వచ్చిండు కదా" అనేది.

2015 జనవరిలో కేస్లాపూర్ మర్రిచెట్ల కింద, వంశంలో ఆ ఏడు పోయినవాళ్లకు తూం పూజ చేశారు. ఒక పెద్దాయన ఒక్కొక్కరి పేరు అడుగుతూ, వయసు అడుగుతూ వచ్చాడు. మా దగ్గరికి వచ్చినప్పుడు మా నాయన ఆధార్‌లో ఉన్న ఏడు చెప్పబోయాడు. నేను ముందే అరవై మూడు నాగోబలు అన్నాను. ఆయన నవ్వలేదు. కాసేపు వేళ్లు మడిచి, "అయితే నాకంటే నాలుగు ముందు" అన్నాడు.

అదే రాత్రి మా తమ్ముడి భార్యకు భేటింగ్ అయింది. తెల్లచీర, ముసుగు. మరుసటి రోజు ఆడపడుచులం, మా ఇంటాయనలు కోనేటి నీళ్లు కొత్త కుండల్లో తెచ్చి, మట్టి కలిపి పుట్టలు కట్టాం. గోవాడలో పొయ్యి దగ్గర వరుసలో నిలబడి ఉన్నప్పుడు మరదలు నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది: "వదినా, అవ్వ జొన్నలు పెట్టే రాళ్లు ఎక్కడున్నయి? అత్తకు తెల్వదంట."

తిరిగొచ్చిన వారానికి ఇద్దరం పోయాం. దారి చాలా చోట్ల పూడిపోయింది. రెండుసార్లు తప్పిపోయి మళ్లీ వాగు దగ్గరికొచ్చి మొదలుపెట్టాం. రాళ్లు ఉన్నాయి. ఒకటి పందులు తవ్వి పక్కకు ఒరిగింది. మరదలు దొప్ప నా చేతికిచ్చి, కొంగు నడుముకు చెక్కుకుని, ఆ రాయిని నిలబెట్టి, చుట్టూ మట్టి తొక్కింది.